పీఎఫ్‌ఐసీ: కామెర్లు తగ్గని, దురద ఆగని పిల్లల తల్లిదండ్రులు అడిగే ప్రశ్నలు

పిల్లల కాలేయ వార్డు బయట కూర్చున్న అమ్మానాన్నలు మళ్ళీ మళ్ళీ అడిగే ప్రశ్నలివి. మందుల మోతాదులు కావాలనే రాయలేదు. అవి బిడ్డ బరువును బట్టి నెలనెలా మారతాయి కాబట్టి వాటిని మీ డాక్టరే చెప్పాలి.

అసలు పీఎఫ్‌ఐసీ అంటే ఏమిటి?

ప్రోగ్రెసివ్ ఫెమిలియల్ ఇంట్రాహెపాటిక్ కొలెస్టేసిస్. కాలేయం తయారుచేసే పైత్యరసం సన్నటి నాళాల గుండా చిన్నపేగులోకి చేరుతుంది. తిన్న కొవ్వు అరగాలన్నా, ఏ, డీ, ఈ, కే విటమిన్లు ఒంటికి పట్టాలన్నా ఆ రసం కావాలి. ఈ జబ్బున్న పిల్లల్లో పైత్యరసాన్ని కాలేయ కణాల నుంచి బయటికి పంపే ఏర్పాటు పుట్టుకతోనే లోపించి ఉంటుంది. పేగులోకి పోవాల్సిన పైత్య లవణాలు కాలేయంలోనే నిలిచిపోయి కణాలను దెబ్బతీస్తాయి, తర్వాత రక్తంలోకి ఎక్కుతాయి. కామెర్లు, దురద, ఎదుగుదల లేకపోవడం, కొన్నేళ్ళకు కాలేయం గట్టిపడిపోవడం అన్నీ అందులోంచి వచ్చేవే. 50 వేల నుంచి లక్ష కాన్పుల్లో ఒకరికి వస్తుందని అంచనా.

దీన్ని మొదట గుర్తించింది అమెరికాలోని ఆమిష్ అనే క్రైస్తవ సమాజంలో. 1969లో దాని గురించి రాసిన డాక్టర్లు ఆ కుటుంబాల పూర్వీకుడి పేరుతో బైలర్ వ్యాధి అన్నారు. పాత పుస్తకాల్లో ఆ పేరే కనిపిస్తుంది.

రిపోర్టులో టైప్ 1, 2, 3 అని ఉంటుంది. తేడా ఏమిటి?

తేడా చాలా ఉంది. చికిత్స నిర్ణయాలు సగం దాని మీదే ఆధారపడతాయి, కాబట్టి మీ బిడ్డది ఏ రకమో గుర్తుపెట్టుకోండి.

టైప్ 1లో ఏటీపీ8బీ1 అనే జన్యువు దెబ్బతింటుంది. ఆ జన్యువు పేగులు, క్లోమం, చెవిలో కూడా పనిచేస్తుంది కాబట్టి ఈ పిల్లలకు విరేచనాలు, వినికిడి లోపం, పొట్టిగా ఉండిపోవడం కూడా ఉండొచ్చు. టైప్ 2లో దెబ్బతినేది ఏబీసీబీ11. పైత్య లవణాలను బయటికి తోసే పంపు దీనితోనే తయారవుతుంది. జబ్బు వేగంగా ముదిరేది ఈ రకంలోనే. కాలేయ క్యాన్సర్ భయం కూడా ఇందులోనే ఎక్కువ, అదీ చాలా చిన్న వయసులోనే. అందుకే ఈ పిల్లలకు క్రమం తప్పకుండా అల్ట్రాసౌండ్, ఏఎఫ్‌పీ రక్తపరీక్ష చేస్తారు. బిడ్డ బాగానే ఆడుకుంటున్నాడని వాటిని వాయిదా వేయొద్దు.

టైప్ 3లో ఏబీసీబీ4 జన్యువు సరిగా లేక పైత్యరసంలో ఫాస్ఫోలిపిడ్ అనే కొవ్వు ఉండదు. పైత్య లవణాలకు సబ్బులాంటి గుణం ఉంటుంది. వాటి ఘాటు తగ్గించే ఆ కొవ్వు లేకపోవడంతో పైత్య నాళాల గోడలే ఒరుసుకుపోతాయి. ఇది కొంచెం పెద్ద వయసులో, ఒక్కోసారి బడికెళ్ళే వయసు దాటాక కూడా బయటపడుతుంది. ఇంకా కొన్ని అరుదైన రకాలున్నాయి. టీజేపీ2 అనే జన్యువుతో వచ్చేది వాటిలో ఒకటి.

పుట్టినప్పటి కామెర్లే కదా, వాటంతట అవే పోతాయన్నారు. ఎప్పుడు భయపడాలి?

పుట్టిన వారంలో వచ్చే పచ్చదనం చాలామందిలో పోయేదే. రెండు వారాలు దాటినా కళ్ళు పచ్చగా ఉంటే మాత్రం డైరెక్ట్ బిలిరుబిన్ పరీక్ష చేయించాలి. మొత్తం బిలిరుబిన్ ఒక్కటే చూసి వదిలేయకూడదు. డైరెక్ట్ విలువ డెసీలీటరుకు 1 మిల్లీగ్రాము దాటితే పిల్లల కాలేయ నిపుణుడికి చూపించాల్సిందే.

ఇంట్లో మీరు చేయగలిగిన పరీక్ష కూడా ఒకటుంది. బిడ్డ విరేచనం రంగును పగటి వెలుగులో చూడండి. పసుపు, ఆకుపచ్చ, గోధుమ రంగులైతే ఫర్వాలేదు. సున్నం కలిపినట్టు తెల్లగా, పాలిపోయి ఉంటే మర్నాటిదాకా కూడా ఆగొద్దు. ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి. సిగ్గుపడాల్సింది ఏమీ లేదు, డాక్టర్లు అడిగేది అదే. తెల్ల విరేచనానికి మొదట అనుమానించాల్సింది బైలరీ అట్రీజియాను, అంటే పైత్య నాళాలు మూసుకుపోయే జబ్బును. ఆ జబ్బుకు కసాయ్ అనే డాక్టరు పేరుతో పిలిచే ఆపరేషన్ చేస్తారు, అది బిడ్డ పుట్టిన 60 రోజుల లోపు జరిగితేనే ఫలితం బాగుంటుంది. పీఎఫ్‌ఐసీ అని తేల్చే ముందు అది కాదని తేల్చడం తప్పనిసరి.

జీజీటీ మామూలుగానే ఉందన్నారు. అంటే కాలేయం బాగున్నట్టే కదా?

కాదు. ఈ జబ్బు తెలియనివాళ్ళు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. పైత్యరసం నిలిచిపోయే మిగతా జబ్బుల్లో జీజీటీ అనే కాలేయ ఎంజైము రక్తంలో బాగా పెరుగుతుంది. పీఎఫ్‌ఐసీ టైప్ 1, 2లో మాత్రం కామెర్లు, దురద ఇంత ఉన్నా జీజీటీ మామూలుగానో, ఇంకా తక్కువగానో ఉంటుంది. నిపుణుడు ఆ తక్కువ అంకెను చూసే పీఎఫ్‌ఐసీని అనుమానిస్తాడు. టైప్ 3లో జీజీటీ ఎక్కువే ఉంటుంది. జీజీటీతోపాటు రక్తంలో పైత్య ఆమ్లాల పరీక్ష చేస్తారు, కొందరికి కాలేయం ముక్క తీసి చూస్తారు, చివరికి జన్యు పరీక్షతో నిర్ధారిస్తారు.

పాపకు దురద ఒక్కటే ఉంది, పచ్చదనం పెద్దగా లేదు. గజ్జి మందు రాసిచ్చారు. ఎంత పూసినా తగ్గట్లేదు.

పీఎఫ్‌ఐసీలో దురద, పచ్చదనం కలిసే రావాలని లేదు. కళ్ళు తెల్లగానే ఉండి, ఒళ్ళంతా గీరుకుని రక్తం కారే పిల్లలున్నారు. నెలల బిడ్డకు గీరుకోవడం చేతకాదు. చెవులు లాక్కుంటుంది, కళ్ళు నులుముకుంటుంది, ఊరికే చిరాకు పడుతుంది. అయిదారు నెలలు దాటాక అసలు సంగతి తెలుస్తుంది.

గజ్జి అయితే ఇంట్లో ఇంకొకరికి కూడా ఉంటుంది, వేళ్ళ సందుల్లో పొక్కులుంటాయి. కాలేయం దురదలో మొదట పొక్కులుండవు, గీరుకున్న గాయాలే ఉంటాయి. పూత మందుతో తగ్గని దురదకు ఒకసారి కాలేయ పరీక్ష, పైత్య ఆమ్లాల పరీక్ష చేయించమని మీరే అడగండి.

దురద గురించి ఇంకో మాట. కామెర్ల అంకె పెరిగితే కంగారుపడే పెద్దలు దురదను చిన్న విషయంగా తీసేస్తారు. రాత్రంతా నిద్రలేని బిడ్డ పగలు తినదు, ఆడదు, బడిలో కూర్చోలేదు. పక్కన పడుకునే తల్లికీ నిద్ర ఉండదు. దురద భరించలేక కాలేయ మార్పిడికి సిద్ధపడిన కుటుంబాలున్నాయి. అందుకే డాక్టరు అడగకపోయినా రాత్రి ఎన్నిసార్లు లేచింది, ఎక్కడ గీరుకుంది అనేది రాసుకుని వెళ్ళండి. మందు పనిచేస్తోందో లేదో తెలియడానికి రక్తపరీక్ష ఎంత ముఖ్యమో ఆ కాగితం కూడా అంతే ముఖ్యం.

సెట్రిజిన్ వేస్తే తగ్గదా?

దాదాపు తగ్గదు. ఈ దురద అలర్జీ వల్ల వచ్చేది కాదు. నిద్రమత్తు వల్ల కాస్త పడుకోవచ్చు, అంతే.

దురదకు టీబీ మందు రాశారేమిటి? మెడికల్ షాపులో "పాపకు టీబీనా" అని అడిగారు.

అది రిఫాంపిసిన్. టీబీకి వాడేదే, కానీ పైత్యం నిలవ వల్ల వచ్చే దురద మీద కూడా బాగా పనిచేస్తుంది. మూత్రం, కన్నీళ్ళు నారింజ రంగులో వస్తాయి, భయపడకండి. ఈ మందు కొందరిలో కాలేయానికే చేటు చేయొచ్చు కాబట్టి మధ్యమధ్య రక్తపరీక్ష చేస్తారు.

సాధారణంగా మొదట మొదలుపెట్టేది అర్సోడీఆక్సీకోలిక్ యాసిడ్. టైప్ 3 పిల్లల్లో కొందరికి దానితోనే చాలా మేలు జరుగుతుంది. కొలెస్టిరమిన్ పొడి ఇస్తే దాన్ని మిగతా మందులతో, విటమిన్లతో కలిపి ఇవ్వకండి. వాటిని కూడా తనతోపాటు విరేచనంలోకి లాక్కుపోతుంది. మధ్యలో కొన్ని గంటల ఎడం ఉండాలి.

ఇంట్లో గోళ్ళు పొట్టిగా కత్తిరించండి, రాత్రి చేతులకు పల్చటి నూలు సాక్సులు తొడగండి, వేడినీళ్ళ బదులు గోరువెచ్చని నీళ్ళు పోయండి. ఇవి చర్మాన్ని కాపాడతాయి గానీ దురదను తీసెయ్యలేవు.

కొత్త మందులు వచ్చాయట కదా?

వచ్చాయి. పేగు చివర పైత్య లవణాలను తిరిగి రక్తంలోకి పీల్చుకునే ద్వారాన్ని ఐబ్యాట్ అంటారు. దాన్ని మూసేస్తే లవణాలు విరేచనంలో బయటికి పోతాయి, ఒంట్లో నిలవ తగ్గుతుంది. ఒడెవిక్సిబాట్‌కు 2021లో అమెరికాలోనూ, యూరప్‌లోనూ అనుమతి వచ్చింది. మరాలిక్సిబాట్‌ను మొదట అలాజిల్ సిండ్రోమ్ అనే ఇంకో కాలేయ జబ్బుకు అనుమతించారు, 2024లో అమెరికాలో పీఎఫ్‌ఐసీకి కూడా. కొందరు పిల్లల్లో దురద బాగా తగ్గి, తిండి, నిద్ర కుదుటపడ్డాయి. విరేచనాలు, కడుపునొప్పి రావచ్చు.

ఇక్కడ జన్యు రిపోర్టు అక్కరకొస్తుంది. టైప్ 2లో పంపు పూర్తిగా లేని పిల్లలకు ఈ మందు పనిచేయకపోవచ్చు. కొంతైనా పంపు ఉన్నవాళ్ళకే ఆశ ఎక్కువ. ధర చాలా ఎక్కువ. అప్పుచేసి తెప్పించుకునే ముందు, మా బిడ్డ జన్యు మార్పుకు ఇది పనిచేస్తుందా అని అడిగి తెలుసుకోండి.

డైవర్షన్ ఆపరేషన్ అంటే?

పైత్యరసంలో కొంత భాగాన్ని పేగులోకి పోనీయకుండా పొట్ట మీద చేసిన చిన్న రంధ్రం ద్వారా సంచిలోకి పంపడం. 1988 నుంచి చేస్తున్నారు. కాలేయం ఇంకా గట్టిపడని పిల్లల్లో దురద తగ్గించి, మార్పిడిని ఏళ్ళ తరబడి వెనక్కి నెట్టగలదు. టైప్ 2 పిల్లల మీద జరిగిన పెద్ద అధ్యయనంలో, ఆపరేషన్ తర్వాత రక్తంలో పైత్య ఆమ్లాలు లీటరుకు 102 మైక్రోమోల్స్ కంటే దిగినవాళ్ళ సొంత కాలేయం చాలా ఏళ్ళు నిలిచింది. సంచితో బతకడం ఆడపిల్లకు ఇబ్బందని పెద్దవాళ్ళు అడ్డుపడతారు. ఆ మాట అనే ముందు రాత్రుళ్ళు ఆ పిల్ల పక్కన పడుకుని చూడాలి.

కామెర్లు కాబట్టి పథ్యం పెట్టాలా? మా అత్తయ్య నూనె, నెయ్యి ముట్టనివ్వట్లేదు.

వద్దు. ఈ జబ్బులో అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసేది ఈ చప్పిడి పథ్యమే. తిన్నదాంట్లో సగం కొవ్వు అరగకుండానే పోయే బిడ్డకు, ఉన్న కొవ్వు కూడా ఆపేస్తే ఎముకల గూడు మిగులుతుంది. ఈ పిల్లలకు అదే వయసు పిల్లలకంటే ఎక్కువ క్యాలరీలు కావాలి. తల్లిపాలు ఆపకండి. పప్పన్నం, గుడ్డు, పెరుగు, అరటిపండు, వేరుశనగ ఉండలు ఏవి తింటే అవి పెట్టండి. వేరుశనగను మరీ చిన్నపిల్లలకు మెత్తగా పొడిచేసి పెట్టాలి.

పైత్యరసం లేకపోయినా ఒంటికి పట్టే కొవ్వు ఎంసీటీ నూనె. దాన్ని పొయ్యిమీద మరిగించకుండా, దింపాక అన్నంలోనో, జావలోనో కలపాలి. కొబ్బరినూనెలో అలాంటి కొవ్వు కొంత ఉన్నా రెండూ సమానం కాదు. అలాగని మామూలు నూనె పూర్తిగా మానేయకూడదు, ఒంటికి తప్పనిసరిగా కావాల్సిన కొవ్వులు ఎంసీటీలో ఉండవు. కొలత డైటీషియన్ చెప్తారు. కాలేయ నిపుణుడిని చూసి, డైటీషియన్‌ను చూడకుండా ఇంటికి రావద్దు. కడుపు నిండా తినలేని బిడ్డకు ముక్కు ద్వారా ట్యూబు వేసి రాత్రిపూట పాలు పడితే అది ఓటమి కాదు, అది కూడా చికిత్సే.

విటమిన్లు ఎందుకంత పట్టుబట్టి రాస్తారు?

డీ లేకపోతే ఎముకలు వంగుతాయి, చిన్న దెబ్బకే విరుగుతాయి. విటమిన్ ఈ లేకపోతే నరాలు దెబ్బతిని నడక తడబడుతుంది. విటమిన్ ఏ లేకపోతే చూపు తగ్గుతుంది. కే లేకపోతే రక్తం గడ్డకట్టదు, పసిబిడ్డలకు మెదడులో రక్తస్రావం కావచ్చు. టానిక్ అనుకుని మధ్యలో ఆపే మందులు కావివి. మామూలు మల్టీవిటమిన్ చుక్కలు చాలవు. నీళ్ళలో కలిసే రకాలు, ఎక్కువ మోతాదులు, ఒక్కోసారి కే విటమిన్ ఇంజెక్షన్ అవసరమవుతాయి.

పసరు మందు పోయిస్తే తప్పేమిటి? మా ఊరికి జిల్లాలవతల నుంచి వస్తారు.

పసరు తాగాక తగ్గినట్టు కనిపించేవి ఎక్కువగా వాటంతట అవే తగ్గే వైరస్ కామెర్లు. జన్యువులో ఉన్న లోపాన్ని ఏ ఆకూ సరిచేయదు. అందులో ఏం కలిసిందో తెలియదు, దెబ్బతిన్న కాలేయం దాన్ని తట్టుకోలేదు. చేతిమీద వాతలు పెట్టించడం ఇంకా ప్రమాదం, కే విటమిన్ తక్కువున్న బిడ్డకు ఆ గాయం నుంచి రక్తం ఆగదు. ఇప్పటికే పోయించి ఉంటే డాక్టరుకు దాచకుండా చెప్పండి. తిడతారని దాస్తే పరీక్షల అంకెలు ఎందుకు మారాయో వాళ్ళకు అర్థం కాదు.

మాది మేనరికం కాదు. మరి ఎలా వచ్చింది?

ఈ జబ్బు రావాలంటే తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, ఆ జన్యువువి రెండు దెబ్బతిన్న ప్రతులు బిడ్డకు చేరాలి. ఒక్క ప్రతి మాత్రమే ఉన్నవాళ్ళు ఆరోగ్యంగానే ఉంటారు, అందుకే ఇద్దరికీ ముందు తెలియదు. బావామరదళ్ళ పెళ్ళిలో ఒకే తాత నుంచి ఒకే లోపం ఇద్దరికీ వచ్చే అవకాశం పెరుగుతుంది, మేనమామ–మేనకోడలు పెళ్ళిలో అది దానికి రెట్టింపు. మేనరికం కాకపోయినా తరతరాలుగా ఒకే కులంలో, నాలుగూళ్ళ మధ్యే సంబంధాలు చేసుకుంటే పరిస్థితి కొంతవరకు అదే. ఏ సంబంధమూ లేనివాళ్ళలో కూడా వస్తుంది.

కోడలి వైపు నుంచి వచ్చిందనే మాట కొన్ని ఇళ్ళలో వినపడుతుంది. సగం ఇటునుంచి, సగం అటునుంచి రాకుండా ఈ జబ్బు రాదు. ఆ మాట అనేవాళ్ళను ఒకసారి జన్యు కౌన్సెలర్ గదిలోకి తీసుకెళ్ళండి.

నాకు కడుపుతో ఉన్నప్పుడు అరచేతులు, అరికాళ్ళు విపరీతంగా దురద పెట్టాయి. దానికీ దీనికీ సంబంధముందా?

ఉండొచ్చు, తప్పకుండా చెప్పండి. ఏబీసీబీ4, ఏబీసీబీ11లలో ఒక ప్రతి లోపం ఉన్న కొందరు స్త్రీలకు గర్భంలో పైత్యం నిలిచి దురద వస్తుంది. మళ్ళీ గర్భం వస్తే ప్రసూతి డాక్టరుకు మొదటి నెలల్లోనే తెలియాలి. గర్భనిరోధక మాత్రలు వేసుకునే ముందు కూడా అడగాలి.

రెండో బిడ్డకూ వస్తుందా?

ప్రతి గర్భంలోనూ నాలుగింట ఒక వంతు అవకాశం. మొదటి బిడ్డకు వచ్చింది కాబట్టి ఇక రాదనే లెక్క లేదు. బిడ్డలో, తల్లిదండ్రుల్లో జన్యు మార్పు ముందే తెలిసి ఉంటే 11–13 వారాల మధ్య మాయ నుంచి చిన్న ముక్క తీసి పరీక్షించవచ్చు. గర్భం వచ్చాక పరుగెత్తితే సమయం సరిపోదు. ఇప్పటికే పుట్టిన అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్ళకు కూడా కాలేయ పరీక్ష చేయించాలి. జన్యు పరీక్షలకు, సలహాకు హైదరాబాద్‌లో సీడీఎఫ్‌డీ అనే కేంద్ర ప్రభుత్వ డీఎన్‌ఏ పరిశోధన సంస్థ ఉంది. అరుదైన వ్యాధుల జాతీయ విధానం కింద నిమ్స్‌తో కలిసి అదే మన ప్రాంతపు ప్రత్యేక కేంద్రం.

ఏ డాక్టరు దగ్గరికి వెళ్ళాలి?

పీడియాట్రిక్ హెపటాలజిస్ట్, లేదా పీడియాట్రిక్ గ్యాస్ట్రోఎంటరాలజిస్ట్. పెద్దలకు కాలేయం చూసే డాక్టరు ఎంత పేరున్నవారైనా ఆరు నెలల బిడ్డ విషయం వేరు. ఈ శిక్షణ పొందినవాళ్ళు దేశంలోనే తక్కువ, ఎక్కువమంది హైదరాబాద్, చెన్నై, బెంగళూరు, వేలూరు, ఢిల్లీ, లక్నో వంటి చోట్ల ఉంటారు. బ్రిటన్‌లో ఉన్న తెలుగువాళ్ళు అడుగుతుంటారు కాబట్టి చెప్తున్నాం: అక్కడ పిల్లల కాలేయ చికిత్స లండన్ కింగ్స్, బర్మింగ్‌హామ్, లీడ్స్ అనే మూడు కేంద్రాల్లో జరుగుతుంది. మీ జీపీ అక్కడికే పంపాలి.

నిపుణుడు దూరమైతే మూడు నాలుగు నెలలకోసారి అక్కడికి, మధ్యలో మీ ఊరి పిల్లల డాక్టరు దగ్గరికి వెళ్ళే ఏర్పాటు చేసుకోండి. ఇద్దరి ఫోన్ నంబర్లూ ఇద్దరి దగ్గరా ఉండాలి. జన్యు రిపోర్టు, బయాప్సీ రిపోర్టు, బరువు పట్టిక, టీకాల కార్డు ఒకే ఫైలులో పెట్టండి.

కాలేయ మార్పిడి తప్పదా? అమ్మ ఇవ్వవచ్చా?

అందరికీ తప్పదని లేదు. కాలేయం చెడిపోతున్నప్పుడు, ఎదుగుదల ఆగినప్పుడు, ఏ మందుకూ దురద లొంగనప్పుడు, క్యాన్సర్ అనుమానం వచ్చినప్పుడు ఆ మాట వస్తుంది. తల్లిదండ్రుల్లో లోపం ఒక ప్రతే కాబట్టి సాధారణంగా ఇవ్వవచ్చు, పరీక్షలు చేసి తేలుస్తారు. చిన్నపిల్లలకు దాత ఎడమ పక్క నుంచి చిన్న భాగం సరిపోతుంది, దాత కాలేయం మళ్ళీ పెరుగుతుంది. దేశంలో మొదటి విజయవంతమైన పిల్లల కాలేయ మార్పిడి 1998 నవంబరులో ఢిల్లీ అపోలోలో జరిగింది. అప్పుడు రెండేళ్ళు నిండని ఆ బాబుకు తండ్రే దాత. ఆ బాబు పెరిగి డాక్టరయ్యాడు. అతని జబ్బు పీఎఫ్‌ఐసీ కాదు, బైలరీ అట్రీజియా.

మార్పిడితో అన్నీ తీరిపోతాయని మాత్రం అనుకోవద్దు. టైప్ 1లో పేగుల లోపం అలాగే ఉంటుంది, విరేచనాలు ఎక్కువ కావచ్చు, కొత్త కాలేయంలో కొవ్వు చేరవచ్చు. టైప్ 2లో చాలామందికి బాగుంటుంది, కానీ కొద్దిమందిలో ఒళ్ళు కొత్త పంపును పరాయిదనుకుని ఎదురుతిరుగుతుంది, లక్షణాలు మళ్ళీ కనిపిస్తాయి. కొత్త కాలేయాన్ని ఒళ్ళు తిరస్కరించకుండా ఆపే టాక్రోలిమస్ వంటి మందులు జీవితాంతం వేళకు వేయాలి. ఆ మందు వాడేటప్పుడు గ్రేప్‌ఫ్రూట్, పంపరపనస పెట్టకూడదు, రక్తంలో మందు స్థాయి పెరిగిపోతుంది. ఎంఎంఆర్, ఆటలమ్మ వంటి బతికున్న క్రిములతో చేసే టీకాలు మార్పిడికి ముందే పూర్తిచేయాలి. టీకాలు వాయిదా వేస్తూ వచ్చిన కుటుంబాలు సరిగ్గా ఇక్కడే ఇరుక్కుంటాయి.

డబ్బు?

హైదరాబాద్‌లో ఉస్మానియా, నిమ్స్ వంటి ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఆరోగ్యశ్రీ కింద కాలేయ మార్పిడులు జరిగాయి. మీ బిడ్డ వయసు, బరువులో చేసే బృందం ఉందా అనేది ముందు అడగండి. ముఖ్యమంత్రి సహాయనిధి నుంచి ఎల్‌ఓసీ (ఖర్చు చెల్లిస్తామని ఆసుపత్రికి ముందే ఇచ్చే హామీ పత్రం) కావాలంటే ఆపరేషన్‌కు ముందే, ఆసుపత్రి ఇచ్చిన ఖర్చు అంచనాతో దరఖాస్తు చేయాలి. అయిపోయాక బిల్లులతో అడిగేది వేరే పద్ధతి. 2021 నాటి అరుదైన వ్యాధుల జాతీయ విధానం జాబితాలో ఉన్న జబ్బులకే సాయం అందిస్తుంది, కాబట్టి మీ బిడ్డ జబ్బు అందులోకి వస్తుందో లేదో నిమ్స్‌లో కనుక్కోండి. ఆసుపత్రిలోని సోషల్ వర్కర్‌ను మొదటి రోజే కలవండి.

బడికి పంపొచ్చా? మిగతా పిల్లలకు అంటుతుందని టీచరు అంటున్నారు.

అంటదు. పక్కన కూర్చున్నా, ఒకే కంచంలో తిన్నా రాదు. డాక్టరుతో ఒక కాగితం రాయించి ఇవ్వండి. ప్లీహం పెరిగిన పిల్లలను కబడ్డీ, కుస్తీ వంటి పొట్టకు దెబ్బ తగిలే ఆటలకు మాత్రం పంపకండి.

ఏం కనిపిస్తే అర్ధరాత్రైనా ఆసుపత్రికి పరుగెత్తాలి?

రక్తం కక్కుకోవడం. తారులా నల్లటి విరేచనం. ముక్కు, చిగుళ్ళు, ఇంజెక్షన్ చోటు నుంచి ఆగని రక్తం. పసిబిడ్డ మాడు ఉబ్బడం, ఫిట్స్. లేపినా లేవని మత్తు, వింతగా మాట్లాడటం. పొట్ట ఒక్కసారిగా ఉబ్బి జ్వరం రావడం. మార్పిడి అయిన బిడ్డకైతే ఏ జ్వరమైనా. దారిలో నొప్పుల మాత్రలు, ముఖ్యంగా ఆస్పిరిన్, ఐబూప్రొఫెన్ వేయొద్దు. అక్కడికి చేరగానే బిడ్డకు పీఎఫ్‌ఐసీ ఉందని, కే విటమిన్ చివరిసారి ఎప్పుడు ఇచ్చారో మొదటి మాటగా చెప్పండి. అత్యవసర విభాగంలో ఆ రాత్రి డ్యూటీలో ఉన్న డాక్టరు ఈ జబ్బును ముందెప్పుడూ చూసి ఉండకపోవచ్చు.